క్రిస్మస్ బోనస్ అడగొచ్చా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఒక బట్టల షాపులో 2017 నుంచి సేల్స్‌మన్‌గా చేస్తున్నాను. జీతం నెలకు 14,000. మా ఓనరు గారు ఏటా క్రిస్మస్ ముందు మాలో క్రైస్తవులకి, సంక్రాంతి ముందు మిగతావాళ్లకి కవర్లో పెట్టి డబ్బులిచ్చేవారు. ఒక ఏడు 2,000, ఒక ఏడు 5,000, కరోనా ఏడు ఏమీ లేదు. మొన్న క్రిస్మస్‌కి ‘గిరాకీ లేదు, నష్టాల్లో ఉన్నాం’ అని కేకు డబ్బా చేతిలో పెట్టి పంపించేశారు. సంక్రాంతికీ అంతే. మాకు బోనస్ అడిగే హక్కు ఉందా? పర్మినెంటుగా 17 మందిమి ఉన్నాం. దసరా నుంచి సంక్రాంతి దాకా ఇంకో ఎనిమిది మందిని తీసుకుంటారు.

జవాబు: ఓనరు గారి కవరు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీకు రావాల్సింది అంతకంటే పెద్దది, దానికి ఏ పండగతోనూ సంబంధం లేదు.

మన దేశంలో ‘క్రిస్మస్ బోనస్’ అని చట్టం ఏదీ లేదు. ఉన్నది చట్టబద్ధమైన బోనస్. ఇన్నేళ్లూ 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం కింద వచ్చేది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ వచ్చింది. అసలు సూత్రాలు అవే: ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన ఉద్యోగికి వేతనంలో 8.33 శాతం తగ్గకుండా, 20 శాతం మించకుండా బోనస్ ఇవ్వాలి. లాభం వచ్చినా రాకపోయినా కనీస బోనస్ తప్పదు. కొత్తగా పెట్టిన సంస్థలకి మొదటి ఐదేళ్లు లాభం ఉంటేనే అనే వెసులుబాటు ఉంది గానీ, 2017కి ముందే తెరిచిన మీ షాపుకి అది వర్తించదు. కాబట్టి ‘గిరాకీ లేదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

మీ ఓనరు గారు తర్వాత అనబోయే మాట నాకు తెలుసు: ‘మన దగ్గర ఉన్నది 17 మందే, 20 మంది ఉంటేనే బోనస్.’ అది సగం నిజం. చట్టం అడిగేది, ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క రోజైనా 20 మంది పనిచేశారా అని. సీజనుకి తీసుకున్న ఆ ఎనిమిది మందీ లెక్కలోకి వస్తారు. దసరా రోజుల్లో షాపులో 25 మంది ఉన్నారంటే గీత దాటేసినట్టే. అందుకే అప్పటి డ్యూటీ చార్టులు, స్టాఫ్ వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లు, షాపు ముందు అందరూ దిగిన ఫొటో చెరిపేయకండి.

డబ్బు ఎంతంటే, పాత చట్టం ప్రకారం 21,000 లోపు జీతం ఉన్నవాళ్లు అర్హులు. లెక్క మాత్రం మొత్తం జీతం మీద కాదు. 7,000 లేదా ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కడతారు. ఏడాదంతా పనిచేస్తే, నెలకు 7,000 చొప్పున పన్నెండు నెలల మీద 8.33 శాతం చూసినా దాదాపు 7,000 వస్తుంది. కనీస వేతనం 12,000 అనుకుంటే దాదాపు 12,000. కొత్త కోడ్‌లో ఈ పరిమితులను ప్రభుత్వం నోటిఫికేషన్‌తో నిర్ణయిస్తుంది. లేబర్ ఆఫీసుకి వెళ్లినప్పుడు ప్రస్తుత అంకె అడగండి.

గడువు ఇంకో విషయం. ఆర్థిక సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోపు ఇవ్వాలి. మార్చి 31కి లెక్కలు మూసే షాపు నవంబర్ 30 లోపు ఇచ్చేయాలి. అంటే క్రిస్మస్ నాటికే మీ ఓనరు గారు బాకీ పడ్డారు.

ఇక ఆ కవరు. పండగ బోనస్ ఆచారంగా స్థిరపడితే అదీ హక్కే అవుతుంది. బెంగాల్‌లో దుర్గాపూజకి ఇచ్చే పూజా బోనస్ కేసుల్లో సుప్రీంకోర్టు 1959లోనే కొలతలు పెట్టింది: చాలా ఏళ్లు వరుసగా, మధ్యలో ఆగకుండా, నష్టం వచ్చిన ఏడాది కూడా, ఒకే రేటులో ఇచ్చి ఉండాలి. బోనస్ చట్టం వచ్చినంత మాత్రాన ఆచార బోనస్ రద్దయిపోదని 1976లో బొంబాయి హార్డ్‌వేర్ షాపుల పనివాళ్ల కేసులో చెప్పింది. మీ విషయంలో మొత్తం ఏటా మారింది, కరోనా ఏడు ఆగింది. నన్నడిగితే ఈ వాదన మీద టైము పెట్టకండి. పైగా ఓనరు ఇచ్చిన పండగ బోనస్‌ని చట్టబద్ధ బోనస్‌లోంచి మినహాయించుకోవచ్చు, కాబట్టి పాత ఏళ్ల బాకీ అడిగేటప్పుడు ఆ కవర్ల డబ్బు తీసేసి లెక్క చెప్పండి. క్రైస్తవులకి ఒకప్పుడు, మిగతావాళ్లకి ఒకప్పుడు అన్న తేడా కూడా ఇక్కడ లేదు. చట్టబద్ధ బోనస్ అందరికీ ఒకటే.

ముందు అందరూ సంతకాలు పెట్టి ఓనరు గారికి మర్యాదగానే ఒక ఉత్తరం రాయండి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కదలిక లేకపోతే గుంటూరులోని కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ పెట్టండి. కొత్త కోడ్ కింద క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. బోనస్ ఇచ్చానని నిరూపించుకోవాల్సింది ఓనరే, మీరు కాదు.

అడిగితే తీసేస్తారన్న టెన్షన్ సహజం. మన రాష్ట్ర 1988 దుకాణాల చట్టంలో సెక్షన్ 47 ఉంది: ఆరు నెలలు వరుసగా పనిచేసిన వాళ్లని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వకుండా తొలగించకూడదు. అయినా అర్జీ ఒక్కరి పేరు మీద కాకుండా పది మంది పేర్ల మీద పెట్టండి. సీజనులో 30 రోజులు దాటి పనిచేసిన ఆ కుర్రాళ్లకి కూడా వాళ్ల రోజుల లెక్కన బోనస్ వస్తుంది, వాళ్లనీ కలుపుకోండి.