సీరియల్ డ్రైవర్ రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) సీరియల్ డ్రైవర్, అంటే సీరియల్ పోర్టును నడిపే కోడ్, రాసే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమైంది. ఏళ్ల తరబడి ఆ పనే చేశాను కాబట్టి లాకుల గురించి, అంటే ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే ఏర్పాటు గురించి, నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

లాకు పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకో: ఇది ఏ డేటాకి కాపలా, ఆ డేటా ఎవరిది? టీటీవైలో, అంటే టెర్మినళ్లనూ సీరియల్ పోర్టులనూ చూసుకునే కెర్నల్ భాగంలో, ఈ రెండో సగమే ముంచుతుంది. 2020 డిసెంబరులో సరిచేసిన తప్పు చూడు. సూడో టెర్మినల్‌కి (హార్డ్‌వేర్ లేకుండా సాఫ్ట్‌వేర్‌తోనే నడిచే టెర్మినల్‌కి) మాస్టర్, స్లేవ్ అని రెండు కొసలు. ఒక్కోదానికి విడి స్ట్రక్చర్, అందులో విడి కంట్రోల్ లాకు. ఫోర్‌గ్రౌండ్ ప్రాసెస్ గ్రూపును (ఆ టెర్మినల్ ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందో ఆ ప్రోగ్రాముల గుంపును) మార్చమని ఏ కొస నుంచి అడిగినా మారేది స్లేవ్ వైపు ఉన్న గ్రూపే. కోడ్ మాత్రం అడిగిన కొస లాకు పట్టుకునేది. ఇద్దరు చెరో కొస నుంచి ఒకేసారి వస్తే ఇద్దరి చేతిలోనూ లాకు ఉంటుంది, ఎవరూ ఎవరినీ ఆపరు. పాత గ్రూపు రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎందరు వాడుతున్నారనే లెక్క) ఒకసారి తగ్గాల్సింది రెండుసార్లు తగ్గుతుంది. ఇంకా వాడుకలో ఉన్న మెమరీ ఫ్రీ అయిపోతుంది. ఒకడు వీధి తలుపుకు, ఇంకొకడు పెరటి తలుపుకు గడియ వేసుకుని ఇల్లంతా తమదే అనుకున్నట్టు. స్లేవ్ వైపు లాకే పట్టుకునేలా మార్చారు, అంతే.

నేను చేసిన తప్పూ చెబుతాను. సీరియల్ పోర్ట్‌కి కాపలా ఉండే పోర్ట్ లాకు పట్టుకుని ఉండగా ఒక ప్రింట్‌కే (కెర్నల్ సందేశం రాసే ఫంక్షన్) పెట్టాను. సింగిల్ కోర్ బోర్డు మీద నెలల తరబడి బాగానే నడిచింది, ఎందుకంటే సింగిల్ కోర్‌కి కట్టిన ఆ కెర్నల్‌లో స్పిన్‌లాక్ (లాకు దొరికేదాకా అక్కడే తిరుగుతూ ఎదురుచూసే రకం) నిజంగా లాకు వేయదు; మధ్యలో వేరే పనికి మారకుండా, ఇంటరప్ట్‌లు ఆపే రకమైతే ఇంటరప్ట్‌లు (హార్డ్‌వేర్ పిలుపులు) కూడా రాకుండా చూస్తుంది, అంతే. రెండు కోర్ల బోర్డు రాగానే బిగుసుకుపోయింది. కెర్నల్ సందేశాలు బయటికి వచ్చే కన్సోల్ కూడా అదే పోర్ట్. ప్రింట్‌కే మళ్లీ అదే లాకు అడిగింది. తప్పు చెప్పాల్సిన దారే మూసుకుపోయింది కాబట్టి స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు.

ఇంటరప్ట్ హ్యాండ్లర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే కోడ్) కూడా పట్టుకునే లాకైతే మామూలు కోడ్‌లో ఇంటరప్ట్‌లు ఆపే రకమే వాడు. స్పిన్‌లాక్ పట్టుకుని యూజర్ మెమరీ కాపీ చేయకు, అక్కడ నిద్రపోవచ్చు. హ్యాంగప్ (కనెక్షన్ తెగిపోవడం) అయ్యాక టీటీవై పాయింటర్ ఖాళీగా ఉండొచ్చు. రిఫరెన్స్ తీసుకుని, ఖాళీయేమో చూసి వాడు, పని కాగానే వదిలెయ్. లాకుల తప్పులు పట్టిచ్చే కెర్నల్ సాధనం లాక్‌డెప్ మొదటిరోజు నుంచే ఆన్ చేసుకో.

ఓపెన్, క్లోజ్, హ్యాంగప్ కోడ్ రాశాక నాకు పంపు. పక్కన కూర్చుని చూసినట్టే చూస్తాను.

పెదనాన్న