పిల్లల ఆశలు, విలువలు ఇంట్లో ఎలా తయారవుతాయి?

పిల్లలకు మనం చెప్పే మాటల కంటే ఇంట్లో రోజూ వినపడే లెక్కే ఎక్కువ ఎక్కుతుంది. పత్తిలో తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత, 12 దాటితే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు. ఏడాది కష్టం వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తేమ మీటరు మీద తేలడం చూసిన రైతు బిడ్డకు నెల జీతమే గౌరవంగా తోస్తుంది. 'సర్కారు నౌకరి' మీద మోజు అట్లా పుడుతుంది. గోదావరిఖనిలో సింగరేణి వారసత్వ ఉద్యోగం మీద ఆశ ఉన్న ఇంట్లో చదువు మీద తొందర తగ్గొచ్చు. జగిత్యాల వైపు మేనమామ దుబాయ్‌లో ఉంటే ఇంటర్ కాకముందే పాస్‌పోర్టు మాట వస్తుంది. ఆడపిల్లకైతే ప్రశ్నే వేరు: హన్మకొండలో కోచింగ్ ఫీజా, కట్నమా?

అసలు చిక్కు, ఎంపీసీ, బైపీసీ కాక వేరే దారిలో బతికినోళ్లు చుట్టాల్లో కనపడకపోవడం. అట్లాంటి మనిషి దగ్గరికి పిల్లల్ని ఒక పూట తీసుకెళ్లండి, జీతమెంతో వాళ్లనే అడగనివ్వండి.