యోగా టీచర్ అవుతానంటోంది, ఫీజు కట్టమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. రెండేళ్లుగా మా వీధిలో యోగా క్లాసుకు వెళ్తోంది. ఇప్పుడు అదే వృత్తిగా తీసుకుంటానంటోంది. ఒకచోట 28 రోజుల్లో 200 గంటల టీచర్ కోర్సు, ఫీజు 40 వేలు అన్నారు. వెంటనే కట్టేద్దామని పట్టుబడుతోంది. మాకేమో టెన్షన్‌గా ఉంది. దీని మీద బతకగలదా? – ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ఫీజు ఇప్పుడే కట్టకండి. అలాగని అమ్మాయిని వద్దనకండి.

28 రోజుల్లో 200 గంటలంటే ఒక్క రోజు కూడా సెలవు లేకుండా రోజుకు ఏడు గంటల పైమాటే. అలా చేస్తే ఆసనాలు వేయడం వస్తుందేమో గానీ, వేయించడం రాదు. కొన్నేళ్ల కిందట నడుం నొప్పి తగ్గుతుందని నేనూ ఒక క్లాసులో చేరాను. మొదటి రోజే అందరితో పాటు ముందుకు వంగి పాదాలు పట్టుకోమన్నారు. నీకేమైనా నొప్పులున్నాయా అని ఎవరూ అడగలేదు. వారం రోజులు మంచం దిగలేకపోయాను. ఆ టీచర్ చెడ్డ మనిషి కాదు, ఆసనాలు చక్కగా వేసేవారు. ఎవరితో ఏది వేయించకూడదో మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లతో కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ వేగంగా ఊపిరి వదలడం), శీర్షాసనం చేయించకూడదు. గర్భిణికి, మోకాళ్లు అరిగిన పెద్దావిడకు, పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసిన కుర్రాడికి ఒకే పాఠం పనికిరాదు. ఇవి తెలియాలంటే అనుభవం ఉన్న గురువు పక్కన నిలబడి నెలల తరబడి చూడాలి.

సర్టిఫికెట్ విషయానికొస్తే, కేంద్ర ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది. అందులో ఇన్‌స్ట్రక్టర్లకు మొదటి మెట్టు యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, తర్వాతిది యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్. రాత పరీక్షతో పాటు ప్రాక్టికల్ కూడా ఉంటుంది, ఎలా నేర్పుతారో చూసి మరీ మార్కులేస్తారు. మీకు చెప్పిన కోర్సు ఈ పరీక్షకు సిద్ధం చేస్తుందా, లేక సొంత సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తుందా అని అడగండి. ఇంకా చదివించే ఓపిక ఉంటే విశాఖ మీకు దగ్గరే. ఆంధ్రా యూనివర్సిటీలో యోగాలో పీజీ డిప్లొమా, ఎంఏ ఉన్నాయి. ఎంఏ తర్వాత లెక్చరర్ల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌ను యోగా సబ్జెక్టుగానే రాయవచ్చు కాబట్టి, కాలేజీలో పాఠాలు చెప్పే దారి కూడా తెరుచుకుంటుంది. యోగా డాక్టర్ కావాలంటే చదవాల్సింది బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ. దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి కనుక ఆ దారి వదిలేయండి. జబ్బులు నయం చేస్తానని బోర్డు మాత్రం ఎప్పుడూ పెట్టవద్దని ఇప్పుడే చెప్పండి.

ఇక బతుకు సంగతి. ఉదయం రెండు బ్యాచ్‌లు, సాయంత్రం ఒకటి, ఒక్కోదానిలో పది మంది, తలా 800 అనుకుంటే నెలకు 24 వేలు. అందులోంచే హాలు అద్దె పోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో, పిల్లల పరీక్షలప్పుడు బ్యాచ్‌లు పలచబడతాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి, మధ్యాహ్నమంతా ఖాళీ. ఆ ఖాళీలో బీకాం చదువు అక్కరకొస్తుంది. మొదటి రెండేళ్లు ఏ ఆడిటర్ దగ్గరో సగం పూట అకౌంట్స్ చూసుకుంటే ఇల్లు గడుస్తుంది, క్లాసు మీద ఒత్తిడి ఉండదు.

ముందుగా, ఇప్పుడు నేర్చుకుంటున్న టీచర్ గారి దగ్గరే మూడు నెలలు సహాయకురాలిగా ఉండమనండి. ఈలోగా ఇంట్లో మీకూ రోజూ అరగంట నేర్పమనండి. చాప పరిచాక మొదట ఆసనం చెబుతుందో, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడుగుతుందో చూడండి. అడిగితే, ఆ 40 వేలు దాచి విశాఖలో అడ్మిషన్లు ఎప్పుడో కనుక్కోండి.