పెద్దవాళ్ల వేలికి పలకని ఫోను

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, రెండేళ్ల కిందట పోయారు. పోయినసారి వెళ్లినప్పుడు పెద్ద స్మార్ట్‌ఫోను, మనిషి పడిపోతే కబురు పంపే వాచీ కొనిచ్చాను. ఫోను ఎత్తబోతే ఇంకేదో తెరుచుకుంటుందట, మాట్లాడుతుండగా కట్టవుతుందట. వాచీ బీరువాలో పెట్టేసింది. "నా పాత ఫోనే నయంరా" అంటోంది. ఇక ఇంట్లో కెమెరాలు పెట్టిద్దామనుకుంటున్నాను. అమ్మకు ఇవన్నీ అలవాటు చేయడం ఎలా?
— ఎస్., డాలస్

జవాబు: బాబూ, ముందు ఒక పని చేయండి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు తొడుక్కుని, కళ్లజోడు అద్దాలకు రవ్వంత ఆముదం రాసుకుని, మీ ఫోనుకు వచ్చిన కాల్ ఎత్తి చూడండి. ఆ తర్వాత మిగతాది చదవండి.

ఇది నా సొంత తెలివి కాదు. ప్యాట్రిషియా మూర్ అనే అమెరికా డిజైనరమ్మ 1979లో, పాతికేళ్లు దాటిన వయసులోనే, ముసలమ్మ వేషం కట్టింది. సరిగ్గా వినపడకుండా, కనపడకుండా, మోకాళ్లు వంగకుండా ఏర్పాట్లు చేసుకుని మూడేళ్లపాటు ఊళ్లు తిరిగింది. తలుపులు, సీసా మూతలు, బస్సు మెట్లు ఎవరి కోసం తయారవుతున్నాయో అలా తెలుసుకుంది. నాకు వేషం అక్కర్లేదు, 69 వచ్చాయి. టెలిఫోన్స్‌లో 34 ఏళ్లు చేసినదాన్ని, అయినా నా బ్యాంకు యాప్ ముందు ఓడిపోతుంటాను. కళ్లజోడు వెతుక్కుని వచ్చేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది.

మీ అమ్మగారి ఇబ్బంది చేతకానితనం కాదు. టచ్ తెరకు మనమెంత గట్టిగా నొక్కామన్నది పట్టదు. వేలు తగలగానే వచ్చే విద్యుత్ మార్పునే అది పసిగడుతుంది. వయసు మీద పడ్డాక వేలి కొసలు ఎండిపోతాయి, తెరకు సరిగ్గా అందవు. పలకలేదు కదా అని మనం అదిమి పట్టి ఉంచుతాం. నొక్కి పట్టుకోవడమంటే ఫోను లెక్కలో వేరే పని. ఐకాన్ జరిగిపోతుంది, ఏదో మెనూ ఊడిపడుతుంది. 'అయ్యో, పాడుచేశానేమో' అనుకుని ఫోను పక్కన పెట్టేస్తాం.

ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరవండి. నొక్కి పట్టుకునే వ్యవధిని 'ఎక్కువ'కు మార్చండి. పవర్ బటన్‌తో కాల్ ఆగే ఏర్పాటు ఆన్‌లో ఉంటే తీసేయండి. ఫోను పట్టుకోవడంలో పక్క బటన్ నొక్కుకుపోయి కట్టవుతోందేమో. కొన్ని ఫోన్లలో తెర మీద వేలు జరపనక్కర్లేకుండా ఒక్కసారి తాకితే కాల్ అందుకునే వీలుంది, అదీ చూడండి. రింగ్‌టోను పిట్ట కూతలా కీచుగా ఉండకూడదు. వయసులో ముందు పోయేది సన్నని శబ్దాలు వినే శక్తే. మొదటి తెర మీద మీ ఫోటో, పక్కింటివాళ్లది, డాక్టరుగారిది ఉంచి, తక్కినవన్నీ లోపలికి నెట్టేయండి.

పాత ఫోను మాత్రం తీసేయకండి. దాని 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, తడిమి చూడండి. చీకట్లో కూడా వేలికి దారి చూపుతుంది. ఆ బొడిపె పెట్టినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. 2 నొక్కి పట్టుకుంటే మీకు, 3 పట్టుకుంటే పక్కింటికి పోయేలా స్పీడ్ డయల్ పెట్టించండి. డబ్బు పంపాలన్నా 2022 నుంచి యూపీఐ 123పే ఉంది. నెట్ లేని బటన్ ఫోనుకూ పనికొస్తుంది.

వాచీ మంచిదే. కానీ అది ఛార్జింగులో ఉన్నప్పుడు మనిషి బాత్రూంలో ఉంటే ఏం లాభం? ముందు బాత్రూం గోడకు గట్టి స్టీలు కడ్డీ వేయించండి. దానికి ఛార్జింగు అక్కర్లేదు.

ఫ్యామిలీ పెన్షనుకు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తుంటారు కదా. వేలి గీతలు అరిగిపోయి వేలిముద్ర పడక బ్యాంకులో ఎంతమంది పెద్దలు నిలబడిపోయారో నేను చూశాను. 2021 నుంచి జీవన్ ప్రమాణ్‌కు, అంటే ఆన్‌లైన్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు, ఫోను కెమెరాకు ముఖం చూపిస్తే చాలు, ఇంట్లోనే అయిపోతుంది. మీరు కొనిచ్చిన స్మార్ట్‌ఫోనుకు అసలు పని ఇదీ. జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు, ముఖాన్ని పోల్చి చూసే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా వేసి, ఒకసారి పక్కన కూర్చోండి. ఫోను మాత్రం ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి. మనం గబుక్కున లాక్కుని చేసేస్తాం చూడండి, అక్కడే చెడుతుంది.

ఇక కెమెరాలు. అవి మీ బెంగకు మందు, ఆవిడకు కాదు. వంటింట్లో, పడకగదిలో తనను ఎవరో చూస్తుంటే ఏ ఆడమనిషి హాయిగా జాకెట్టు హుక్కు వదులు చేసుకుంటుంది? ఆవిడను అడిగారా? ఒప్పుకుంటే వీధి గుమ్మానికి ఒక్కటి పెట్టించండి, మాటలు వినిపించేది. బెల్లు మోగితే లోపల మంచం దగ్గర చిన్న తెర మీద ఆవిడకే కనిపించాలి, డాలస్‌లో మీకు తర్వాత. పాలబ్బాయో, మీటరు చూసేవాడో చూసుకుని, తలుపు తీయాలో వద్దో ఆవిడే చూసుకుంటారు.