తుపాకులు వెళ్ళిపోయాక అడవి ఎవరి చేతికి పోతుందన్నదే అసలు ప్రశ్న

మీరు అడిగింది, సాయుధ పోరాటం ఆగిపోయిన చోట శాంతి కోసం పనిచేసేవాళ్ళు అడవులు, క్లైమేట్ ఇవన్నీ ఎందుకు పట్టించుకోవాలి, అది వేరే డిపార్ట్‌మెంట్ పని కదా అని. వేరే కాదండీ. నేను వైజాగ్‌లో ఉంటాను, 2015లో చింతపల్లి వైపు కొండ ఊళ్ళలో అటవీ హక్కుల పట్టాల కోసం జీపీఎస్ పట్టుకుని పోడు భూములు కొలిచాను కొన్ని నెలలు. అక్కడ చూసింది చెప్తాను.

ముందు కొలంబియా సంగతి, ఎందుకంటే అందరూ చెప్పే ఉదాహరణ అదే. 2016లో అక్కడి ప్రభుత్వానికి, ఫార్క్ అనే సాయుధ తిరుగుబాటు దళానికి మధ్య శాంతి ఒప్పందం అయింది, వాళ్ళు అడవి దిగొచ్చేశారు. విమానాలకి కనపడకుండా దాక్కోడానికి వాళ్ళకి చెట్లు కావాలి కాబట్టి చాలాచోట్ల ఎంత నరకాలో వాళ్ళే ఆంక్షలు పెట్టేవాళ్ళు, వాళ్ళు పోగానే ఆ ఖాళీలోకి ప్రభుత్వం కంటే ముందు భూకబ్జాదారులు, పశువుల మందలవాళ్ళు వచ్చేశారు. 2016లో 1,78,597 హెక్టార్ల అడవి పోతే 2017లో 2,19,973 పోయింది. 2023కి 79,256కి తగ్గింది, అందరూ సంబరపడ్డారు, కానీ అందులో కొంత మళ్ళీ ఆయుధాలు పట్టిన ముఠాలు నరకొద్దని హుకుం వేయడం వల్ల కూడా, మరుసటి ఏడే మళ్ళీ లక్ష దాటింది. తుపాకీ మాట మీద నిలబడిన అడవి ఆ మాట మారిన రోజే పోతుంది.

మన ఏజెన్సీలో గొడవ మొదలైందే అడవి దగ్గర, 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేచిందంటే పోడు మీద, అడవి మీద తెల్లవాళ్ళు పెట్టిన కట్టడి దానికి పెద్ద కారణం. అందుకే నాకు అనిపించేది, ఇక్కడ శాంతి అంటే పోలీస్ క్యాంపు, రోడ్డు, సెల్ టవర్ కంటే ముందు పట్టా.

నేను వెళ్ళేసరికి హుద్‌హుద్ తుపాను వచ్చి ఏడాది కూడా కాలేదు. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలు పడిపోయి ఉన్నాయి, వాటికి పాకించిన మిరియం తీగలు కూడా పోయాయి. ఒక పెద్దావిడ, పడిన చెట్టు అమ్ముకుందామని వెళ్తే ఒక ఆఫీసులో నీకు పట్టా ఏదీ అన్నారట. నా చేతిలో మిషన్ చూసి అడిగింది, "మొక్క నాదే బాబూ, నీడ నాదే, మరి నేల ఎవులిది?" నా దగ్గర జవాబు లేదు.

అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి అటవీ భూమి సాగు చేసుకుంటున్న గిరిజనులకి 4 హెక్టార్ల దాకా హక్కు ఇవ్వాలి. మేం ఆమె కొండవాలు చుట్టూ నడిచి కొలిచాం, కాగితం వచ్చేసరికి అందులో సగం కూడా లేదు. మిగతా వాలులో తర్వాత ఎవరో గుంతలు తీసి మొక్కలు నాటారు. ఎక్కడో ప్రాజెక్టుకి అడవి పోతే బదులు నాటాలి కదా, కాంపా అంటారు, ఆ పని అని ఊళ్ళో చెప్పుకున్నారు. 2030కల్లా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ని చెట్లలో దాస్తామని దేశం మాటిచ్చింది, మంచిదే, నేను కాదనను, కానీ ఆ లెక్క కింద ఇలా ఒకావిడ రాగుల చేను పడితే ఆమె మనవడు ప్రభుత్వం మాట వింటాడో, మళ్ళీ తుపాకీ పట్టమనేవాళ్ళ మాట వింటాడో ఆలోచించండి. అదే ఆ సగానికి కూడా పట్టా ఇచ్చి ఉంటే ఆవిడే నీడ చెట్లు పెంచి కాఫీ వేసేది. అరకు కాఫీ అడవి కిందే పండుతుంది, చెట్టు కొట్టేస్తే కాఫీ ఉండదు, అక్కడివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సిటీలో ఉన్న మనకేంటి అంటారేమో, తాటిపూడి రిజర్వాయర్ నుంచి వైజాగ్‌కి వచ్చే నీళ్ళు గోస్తని నదివి, ఆ గోస్తని అనంతగిరి కొండల్లో పుడుతుంది.

పోయిన సంక్రాంతికి ఆ ఊరు వెళ్ళాను. నాటిన మొక్కల్ని ఊరివాళ్ళు ఒక రాత్రి పీకేశారట, ముగ్గురి మీద కేసు నడుస్తోంది. పెద్దావిడ ఉంది, మిగతా సగం కోసం గ్రామసభ తీర్మానం మళ్ళీ పెట్టించింది, నా పాత జీపీఎస్ కొలతల కాగితం కావాలంటే జిరాక్స్ తీసి ఇచ్చి వచ్చాను.