బడి మైదానంలో రిమోట్ హెలికాప్టర్ ఎగరవేయవచ్చా?

బెంగళూరులో మీ అబ్బాయి సెలవు రోజున బడి మైదానంలో ఎగరవేయవచ్చా అని అడిగారు. బడివారి అనుమతి ఉండి, మైదానం ఖాళీగా ఉంటే సరే. ముందు డిజిటల్ స్కై పటం (డ్రోన్ల వంటివి ఎక్కడ ఎగరవేయవచ్చో రంగులతో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ పటం) చూడండి. హెచ్ఏఎల్, జక్కూరు, యలహంక విమానాశ్రయాలు నగరంలోనే ఉన్నాయి. ఆ పటంలో ఎర్ర రంగులో చూపిన మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

అసలు ప్రమాదం రెక్కలతోనే. 70 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రోటర్ (పైన తిరిగే రెక్కల జత) నిమిషానికి 2,500 సార్లు తిరిగితే దాని కొస గంటకు 300 కిలోమీటర్ల వేగం దాటుతుంది. అరచేతిలో ఇమిడే బొమ్మతో దీన్ని పోల్చకండి! పిల్లవాడు ఒక్కడు మైదానంలోకి వచ్చినా వెంటనే దించేయాలి. ముందుగా రిమోట్ ఆన్ చేసి, ఆ తరువాతే హెలికాప్టర్‌కు బ్యాటరీ కలపాలి. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ తీయాలి. దిగాక రిమోట్‌పై మోటారును ఆపి ఉంచే థ్రాటిల్ హోల్డ్ మీట వేసి, రెక్కలు పూర్తిగా ఆగేదాకా దగ్గరకు వెళ్లనివ్వకండి.