చత్వారం వచ్చిన మైనస్ కళ్లకి

ఒరేయ్ చిన్నా,

మొన్న పెళ్లిలో చూశాలే, ఫోన్ మోగగానే కళ్లజోడు నెత్తి మీదికి తోసి, ఫోన్ ముక్కు దగ్గరికి తెచ్చుకుని పేరు చదువుకున్నావు. నలభై అయిదొచ్చాయి, చత్వారం వచ్చింది, అంతే. దానికి టెన్షన్ ఎందుకు?

నీ దూరం చూపు పవర్ మైనస్ మూడు కదా. అంటే జోడు తీసేస్తే కంటికి జానెడున్నర దూరంలో, 33 సెంటీమీటర్ల దగ్గర, ఏ అద్దం లేకుండానే అక్షరం శుభ్రంగా కనపడుతుంది. చీటీలో సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే రాసేది) ఎక్కువుంటే మాత్రం ఈ సుఖం ఉండదు. అది లేనివాడివైతే పడుకుని పుస్తకం చదవడానికి జోడు పక్కన పెట్టు, చాలు, షాపువాడు ఏం చెప్పినా సరే.

చిక్కల్లా నీ కంప్యూటర్‌తోనే. అది 60, 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, జోడు తీస్తే మసక, పెడితే కళ్లు లాగుతాయి. అందుకే షాపుకెళ్లే ముందు టేపు పెట్టి ఆ దూరం కొలిచి, అంకె రాసుకెళ్లు. రోజంతా దాని ముందే కూర్చునేవాడివైతే ఆఫీసుకి విడిగా ఒక జోడు చేయించుకోవడం నయం.

దూరం, దగ్గర అన్నీ ఒకే జోడులో కావాలంటే ప్రోగ్రెసివ్ అద్దం. దాంట్లో పైన దూరం, మధ్యలో కంప్యూటర్, కింద చదువు, అటూ ఇటూ అంచుల్లో మసక. ఎంత ఖరీదు పెట్టినా ఆ మసక పూర్తిగా పోదు. నా మొదటి జోడుకి ముచ్చటపడి ఎత్తు తక్కువున్న సన్నటి ఫ్రేమ్ తీసుకుంటే చదివే భాగం సగం కోతలోనే పోయింది, గడ్డం పైకెత్తి పేపరు చదివీ చదివీ మెడ పట్టేసింది. అద్దం ఎత్తు 30 మిల్లీమీటర్లకి తగ్గనివ్వకు. ఇంకొకటి, ఫ్రేమ్ నీ మొహాన పెట్టి, నువ్వు తిన్నగా చూస్తుంటే కనుపాపకి ఎదురుగా పెన్నుతో చుక్క పెట్టాలి, రెండు కళ్లకీ విడివిడిగా. అది చెయ్యకుండా ఆర్డర్ రాస్తుంటే లేచి వచ్చెయ్.

అలవాటవడానికి వారం, పది రోజులు పడుతుంది. మెట్లు దిగేటప్పుడు తల వంచి పై భాగంలోంచి చూడు, లేకపోతే మెట్టు తేలుతున్నట్టుంటుంది. పక్కకి చూడాలంటే కళ్లు కాదు, ముక్కు తిప్పాలి.

పవర్ పరీక్షతో సరిపెట్టకు, కనుపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయించుకుని రెటీనా (కంటి వెనక పొర) కూడా చూపించుకో, మైనస్ వాళ్లకి అది అవసరం. పాత జోడు పారెయ్యకు, కొత్తది అలవాటయ్యేదాకా బండి నడపడానికి అదే కావాలి.

బాబాయ్